మౌలానా రూమీ జీవితాన్ని తెలుగులో రాయడం ఎలా

13వ శతాబ్దపు పారసీ సూఫీ కవి మౌలానా జలాలుద్దీన్ రూమీ గురించి తెలుగులో ఒక వ్యాసమో చిన్న పుస్తకమో రాయాలనుకునేవారు కలం పట్టే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఆయన స్వయంగా చెప్పిన మాటలు, ఆయనను కళ్లారా చూసినవారు రాసిన మాటలు, ఆయన పోయిన తరువాత రెండు తరాలకు కూర్చిన మహిమల కథలు, ఈనాడు ఫోన్లలో తిరుగుతున్న సూక్తులు, ఈ నాలుగింటినీ కళ్లంలో గింజనూ పొల్లునూ వేరు చేసినట్టు నాలుగు కుప్పలుగా వేరు చేసి పెట్టుకోవాలి. మహిమల కథలను పారవేయమని నేను చెప్పను. ఒక మహనీయుణ్ణి జనం ఎలా గుండెలో పెట్టుకున్నారో అవి చెబుతాయి. అయితే ఏ వాక్యం ఏ కుప్పలోనిదో రాసేవారికి తెలిసి ఉండాలి, చదివేవారికి తెలియజేయాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఇప్పుడు ప్రచారంలో ఉన్న రూమీ ప్రేమనూ మధువునూ పాడుకునే ఒక తత్త్వవేత్తగా మాత్రమే కనిపిస్తున్నాడు. అసలు మనిషి హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయంలో పుట్టి పెరిగిన పండితుడు, మతప్రబోధకుడి కొడుకు, మదర్సాలలో పాఠం చెప్పిన ఆచార్యుడు. తన మహాకావ్యమైన మస్నవీకి అరబ్బీలో ముందుమాట రాస్తూ, ఈ గ్రంథం మతానికి మూలాల మూలాల మూలమని ఆయనే ప్రకటించుకున్నాడు. ఆ పండితుణ్ణి పక్కకు తప్పించి కవిని మాత్రమే చూపబోతే ఆ కవి కూడా మనకు దక్కడని నా గట్టి నమ్మకం. ఈ మార్గదర్శిని అంతా ఆ నమ్మకంతోనే రాస్తున్నాను.

ఆధారాలను వయసు ప్రకారం పేర్చుకోవడం

మొదటి వరుసలో రూమీ సొంత రచనలు ఉంటాయి. గజళ్లూ, నాలుగు పాదాల రుబాయీలూ ఉన్న దీవానే షమ్స్, ఆరు భాగాల మస్నవీ, శిష్యులు రాసిపెట్టిన గోష్ఠి ప్రసంగాల సంపుటి ఫీహి మా ఫీహి, ఏడు ధర్మోపన్యాసాల మజాలిసె సబా, ఉత్తరాల సంపుటి మక్తూబాత్ ఇందులోకి వస్తాయి. చాలామంది మొదటి రెండింటితో ఆగిపోతారు. జీవితచరిత్ర రాసేవారికి మాత్రం చివరి మూడే ఎక్కువ పనికివస్తాయి, ఎందుకంటే వాటిలో ఆయన వచనంలో, రోజువారీ మనుషులతో మాట్లాడతాడు. వీటి పక్కనే తండ్రి బహావుద్దీన్ వలద్ రాసుకున్న మఆరిఫ్‌నూ, రూమీ జీవితాన్ని మలుపు తిప్పిన సూఫీ షమ్స్ తబ్రీజీ మాటలను కూర్చిన మఖాలాత్‌నూ పెట్టుకోవాలి.

రెండో వరుసలో కొడుకు సుల్తాన్ వలద్ 1291లో పద్యరూపంలో రాసిన ఇబ్తిదా నామా, తాను ఎన్నో ఏళ్లు మౌలానా సేవలో ఉన్నానని చెప్పుకున్న సిపహ్‌సాలార్ రాసిన చరిత్ర ఉంటాయి. మూడో వరుసలోది అఫ్లాకీ కూర్చిన మహిమల కథల గ్రంథం. రూమీ మనవడు ఉలూ ఆరిఫ్ చెలెబీ కోరిక మీద 1318లో మొదలై 1353 ప్రాంతంలో పూర్తయింది, అంటే మౌలానా మరణించి 80 ఏళ్లయ్యాక. మనం తరచుగా వినే రసవత్తరమైన సంఘటనల్లో పెద్ద భాగం అఫ్లాకీ నుంచే వచ్చినవి. కొడుకు చెప్పినదానికీ అఫ్లాకీ చెప్పినదానికీ పొత్తు కుదరనప్పుడు కొడుకు మాటకే ఎక్కువ బరువు ఇవ్వాలి. కాని కొడుకుకు కూడా కుటుంబ గౌరవం కాపాడుకోవలసిన అవసరం ఉంటుందని, ఆయన మౌనం వహించిన చోట ఆ మౌనాన్నీ తూకం వేయాలని మరచిపోకూడదు.

తేదీల లెక్క

పాత గ్రంథాలు ఇస్లామీయ చాంద్రమానమైన హిజ్రీ తేదీలనే ఇస్తాయి. రూమీ 604 రబీవుల్ అవ్వల్ 6న పుట్టి 672 జమాదివుల్ ఆఖిర్ 5న కన్నుమూశాడు. ఇంగ్లీషు క్యాలెండర్ లెక్కలో ఇవి 1207 సెప్టెంబరు 30, 1273 డిసెంబరు 17 అవుతాయి. హిజ్రీ లెక్కలో ఆయన వయసు 68 ఏళ్లు, ఇంగ్లీషు లెక్కలో 66. మన పంచాంగం కూడా చాంద్రమానమే అయినా అధికమాసం వేసి ఋతువులతో సరిపెట్టుకుంటుంది. హిజ్రీ కాలమానంలో అధికమాసం లేదు కనుక ఏడాదికి 354 రోజులే, సుమారు 33 ఏళ్లకు ఒక సంవత్సరం తేడా వస్తుంది. ఒక పుస్తకంలో 68, మరో పుస్తకంలో 66 కనిపిస్తే ఎవరో పొరబడ్డారని తొందరపడకుండా ముందు ఈ లెక్క చూసుకోవాలి. తెలుగు పాఠకుడికి కాలం మనసులో నిలవాలంటే, అదే రోజుల్లో ఇక్కడ తిక్కన సోమయాజి భారతం రాస్తున్నాడని ఒక్క మాట కలిపితే చాలు.

బాల్యం: కథను తేదీతో పరీక్షించడం

ఎక్కడ పుట్టాడన్న ప్రశ్న దగ్గరే అసలు పని మొదలవుతుంది. సంప్రదాయం బల్ఖ్ అంటుంది. ఆ నగరం ఇప్పటి అఫ్గానిస్తాన్‌లో ఉంది. అయితే ఆ సంవత్సరాల్లో తండ్రి నివాసం ఇప్పటి తజికిస్తాన్‌లోని వఖ్ష్ అనే చిన్న ఊళ్లో ఉందని ఆయన మఆరిఫ్‌ను బట్టే పరిశోధకులు గుర్తించారు. కుటుంబం బల్ఖ్ వారిది, పుట్టిన చోటు వఖ్ష్ కావచ్చు అని రాయడం నిజాయతీగా ఉంటుంది.

కుటుంబం ఆ ప్రాంతాన్ని ఎందుకు విడిచిపెట్టిందన్నది రెండో ప్రశ్న. తత్త్వవేత్త ఫఖ్రుద్దీన్ రాజీతో వచ్చిన విరోధం వల్ల, అతని మాట విన్న అప్పటి పాలకుడు ఖ్వారజ్మ్ షా వల్ల బహావుద్దీన్ వెళ్లిపోయాడని ఒక కథ ఉంది. దీన్ని పరీక్షించడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు: రాజీ 1210లోనే మరణించాడు, కుటుంబం పశ్చిమానికి బయలుదేరింది 1216 ప్రాంతంలో. విరోధం నిజమే కావచ్చు, ఆ ప్రయాణానికి అదే కారణమనడం మాత్రం కుదరదు. నైషాపూర్‌లో వృద్ధకవి అత్తార్ బాలుడైన రూమీని చూసి తన పుస్తకం కానుకగా ఇచ్చాడన్న అందమైన కథ కూడా 15వ శతాబ్దపు గ్రంథాల్లోనే ప్రచారంలోకి వచ్చింది. దాన్ని చెప్పండి, కాని “తరువాతి కాలంవారు చెప్పుకున్న కథ” అని చెప్పండి.

ఇలాంటి కథలు ఇన్ని ఉన్నా, బాల్యం గురించి రూమీ స్వయంగా చెప్పిన ఒక జ్ఞాపకం ఎవరికీ అంతగా గుర్తుండదు. సమర్ఖంద్‌ను ఖ్వారజ్మ్ షా సైన్యం ముట్టడించినప్పుడు తాము ఆ ఊళ్లోనే ఉన్నామని, తాము ఉన్న పేటలో ఒక అందమైన యువతి తనను దుర్మార్గుల చేతికి అప్పగించవద్దని దేవుణ్ణి వేడుకుందని, నగరం కొల్లగొట్టబడి ఆమె పనికత్తెలు కూడా చెరపట్టబడినా ఆమెకు ఏ హానీ జరగలేదని ఆయన ఫీహి మా ఫీహిలో చెబుతాడు. ముట్టడి మధ్య బతికిన పిల్లవాడు పెద్దవాడయ్యాక చెప్పిన మాట అది. బాల్యం అధ్యాయాన్ని నేనైతే అత్తార్ కానుకతో కాక ఈ ముట్టడితో మొదలుపెడతాను.

తరువాతి మజిలీలను త్వరగా దాటవచ్చు. 1222 ప్రాంతం నుంచి సుమారు ఏడేళ్లు ఇప్పటి టర్కీలోని లారందాలో, అంటే నేటి కరమాన్‌లో గడిచాయి; తల్లి మూమినా ఖాతూన్ సమాధి అక్కడే ఉంది, గౌహర్ ఖాతూన్‌తో పెళ్లి అక్కడే జరిగింది, 1226లో సుల్తాన్ వలద్ అక్కడే పుట్టాడు. తరువాత సల్జూఖ్ సుల్తాన్ అలావుద్దీన్ కైఖుబాద్ కాలంలో కుటుంబం రాజధాని కొన్యాకు చేరింది. 1231లో తండ్రి మరణించాక, ఆయన శిష్యుడు బుర్హానుద్దీన్ ముహఖ్ఖిఖ్ వచ్చి రూమీ శిక్షణ బాధ్యత తీసుకుని, అలెప్పో, డమాస్కస్‌లలో శాస్త్రాలు చదువుకోవడానికి పంపాడు. ఈ చదువు సంవత్సరాలను ఒక పేరాలో ముగించినా ఫర్వాలేదు, వదిలేస్తే మాత్రం తరువాతిది ఏదీ అర్థం కాదు.

షమ్స్ అధ్యాయం

షమ్సుద్దీన్ తబ్రీజీ కొన్యాలో అడుగుపెట్టిన తేదీ 1244 నవంబరు 29. అప్పటికి రూమీ వయసు 37. వారి తొలి కలయిక గురించి రెండు రకాల కథలు ఉన్నాయి. షమ్స్ పుస్తకాలను నీళ్లలో వేసి తడవకుండా తీశాడన్నది, లేదా పుస్తకాలకు మంట పెట్టాడన్నది ఒక రకం. దీన్ని సినిమాలో దృశ్యంలా రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది. రెండో రకం కథలో షమ్స్ ఒక ప్రశ్న అడుగుతాడు: ప్రవక్త ముహమ్మద్ “నిన్ను తెలుసుకోవలసినంతగా మేము తెలుసుకోలేకపోయాము” అని దేవునితో అంటే, తొలినాటి సూఫీ బాయజీద్ బిస్తామీ “నేనెంత పవిత్రుణ్ణి, నా వైభవమెంత గొప్పది” అన్నాడు, దీని అర్థమేమిటి? ఈ రెండో కథకు షమ్స్ సొంత మఖాలాత్‌లో బలం ఉంది. మౌలానాతో తన మొదటి మాట బాయజీద్ గురించేనని ఆయన చెప్పుకున్నాడు. కనుక దీన్నే ముందు పెట్టాలి. దీన్ని ముందు పెట్టడంలో ఇంకో ప్రయోజనం కూడా ఉంది. అది శాస్త్రం చదువుకున్న మనిషి, శాస్త్రం చదువుకున్న మరో మనిషిని మాత్రమే అడగగల ప్రశ్న. చదువును కాలదన్నిన ఒక బైరాగి వచ్చి పండితుణ్ణి పుస్తకాల నుంచి విడిపించాడన్న వాడుక కథనాన్ని ఆ ఒక్క ప్రశ్న మార్చేస్తుంది. షమ్స్ కూడా హనఫీ లాంటిదే మరో సంప్రదాయమైన షాఫయీ ధర్మశాస్త్రం చదువుకున్నవాడేనని మఖాలాత్‌ చదివితే తెలుస్తుంది.

తరువాత జరిగినది క్లుప్తంగా రాయండి. శిష్యుల అసూయతో 1246లో షమ్స్ ఊరు విడిచి వెళ్లడం, సుల్తాన్ వలద్ డమాస్కస్ వెళ్లి ఆయనను వెనక్కు తీసుకురావడం, ఆయన గుర్రం మీద వస్తుంటే తాను పక్కన నడిచి రావడం, ఆ తరువాత ఎక్కువకాలం గడవకుండానే షమ్స్ శాశ్వతంగా కనిపించకుండా పోవడం ఇందులో ముఖ్యం. ఆయన హత్యకు గురయ్యాడని, రూమీ రెండో కొడుకు అలావుద్దీన్‌కు అందులో చేయి ఉందని అఫ్లాకీ గ్రంథంలో ఉంది. సుల్తాన్ వలద్ హత్య మాట ఎత్తలేదు. తండ్రి డమాస్కస్ దాకా వెళ్లి వెతికాడని మాత్రం రాశాడు. కొన్యాలోనూ ఇరాన్‌లోని ఖోయ్ పట్టణంలోనూ షమ్స్ సమాధి అని చూపే చోట్లు ఉన్నాయి. ఒక కొడుకు మీద హత్యానేరం మోపే వాక్యాన్ని ఏడు శతాబ్దాల తరువాత తేలికగా రాయకూడదు. రెండు కథనాలనూ పక్కపక్కన పెట్టి, ఎవరు ఎప్పుడు రాశారో చెప్పి ఆగండి.

కవిత్వం గురించి ఆయన చెప్పిన మాట

షమ్స్ వియోగం తరువాత గజళ్లు పొంగి వచ్చాయన్నది నిజమే. చాలా గజళ్లలో కవిముద్ర ఉండవలసిన చోట షమ్స్ పేరే ఉంటుంది. అంతమాత్రాన అప్పటినుంచి ఆయన పండితుడు కాకుండా పోయాడని రాస్తే ఫీహి మా ఫీహి మన వాక్యాన్ని ఖండిస్తుంది. అక్కడ ఆయన మాటల సారాంశం ఇది: నా దగ్గరకు వచ్చిన మిత్రులు విసుగు చెందుతారేమోనని వారికోసం కవిత్వం చెబుతున్నాను, లేకుంటే నాకూ కవిత్వానికీ ఏమి సంబంధం? అతిథికి బోటి తినాలని కోరిక పుడితే ఇంటాయన ఆ పేగుల్లో చేయి పెట్టి కడగక తప్పదు కదా, నా పనీ అలాంటిదే. మా ప్రాంతంలో కవిత్వం కంటే నామోషీ అయిన వృత్తి లేదు. అక్కడే ఉండి ఉంటే పాఠాలు చెబుతూ, గ్రంథాలు రాస్తూ, ధర్మబోధ చేస్తూ గడిపేవాణ్ణి.

ఈ భాగాన్ని జీవితచరిత్రలో తప్పక ఉంచాలి. వేల గజళ్లు చెప్పిన మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది. దాన్ని వినయమనుకోవచ్చు, పండితులను ఉద్దేశించిన సమాధానమనుకోవచ్చు, ఆయన నిజంగానే అలా అనుకున్నాడనీ తీసుకోవచ్చు. నా వరకు నేను మూడోదాన్నే నమ్ముతాను: ఆయనకు కవిత్వం బోధకు పాత్ర, ఆ పాత్రలో పోసినది మాత్రం చిన్ననాటి నుంచి నేర్చిన ఖురాను వ్యాఖ్యానం, ప్రవక్త మాటలైన హదీసు, ధర్మశాస్త్రం.

ఆయన ఇంటి మనిషిగా ఎలా ఉండేవాడో తెలియాలంటే ఉత్తరాలు తిరగేయండి. వాటిలో చాలా భాగం ముయీనుద్దీన్ పర్వానా వంటి అధికారులకు, ఎవరికో పని ఇప్పించమనో, ఎవరి కష్టమో తీర్చమనో రాసినవి. బంగారు రేకులు సాగగొట్టే సలాహుద్దీన్ జర్కూబ్ షమ్స్ తరువాత ఆయనకు ఆత్మీయుడయ్యాడు, ఆ సలాహుద్దీన్ కూతురు ఫాతిమా సుల్తాన్ వలద్ భార్య. భర్త బాధపెట్టాడని తెలిసి మామగారు ఆ కోడలికి రాసిన ఉత్తరం ఉంది: నా కొడుకు నిన్ను నొప్పిస్తే నా మనసు అతని మీద నుంచి తీసేస్తాను, అతని సలాముకు బదులివ్వను, నా జనాజాకు (అంత్యక్రియలకు) కూడా రావద్దంటాను అన్న అర్థంలో. ఒక పేజీ నిండా విశేషణాలు గుప్పించినా ఈ ఉత్తరం చెప్పినంత చెప్పలేవు.

మస్నవీని పరిచయం చేయడం

సలాహుద్దీన్ 1258లో పోయాక హుసాముద్దీన్ చెలెబీ దగ్గరి శిష్యుడయ్యాడు. పారసీ సూఫీ కవులైన సనాయీ, అత్తార్ కావ్యాల వంటిది మీరూ చెప్పండని ఆయన అడిగితే, రూమీ తన తలపాగాలోంచి 18 ద్విపదులు రాసి ఉన్న కాగితం తీసి ఇచ్చాడని అఫ్లాకీ చెబుతాడు. మిగిలినదంతా రూమీ నోటితో చెప్పగా హుసాముద్దీన్ రాసుకున్నాడు. మొదటి భాగం తరువాత పని కొంతకాలం ఆగింది. రెండో భాగం హిజ్రీ 662లో మొదలైనట్టు అందులోనే ఉంది. మొత్తం ఆరు భాగాల్లో దాదాపు 25,000 ద్విపదులు ఉన్నాయి, చివరి కథ ముగింపుకు రాకుండానే ఆగిపోయింది.

తెలుగువారికి దీని నడక చెప్పడం తేలిక. మస్నవీ మన ద్విపద లాగే రెండేసి పాదాల జంటలుగా సాగుతుంది. మనకు ప్రాస పాదం మొదట రెండో అక్షరంలో ఉంటే వారికి పాదం చివర ఉంటుంది. ఒక్కో పాదంలో 11 అక్షరాలు: రగణం మీద ఒక గురువు, మళ్లీ రగణం మీద ఒక గురువు, చివర ఒక రగణం. మొదటి పాదాన్ని “బిష్‌నవీన్ నై చున్ షికాయత్ మీకునద్” అని గురులఘువులు వేసి చదివితే లెక్క సరిగ్గా కుదురుతుంది. ఈ వేణువు ఎలా మొరపెట్టుకుంటోందో విను, అని దాని భావం.

ఈ పాదం దగ్గర మరో పాఠం కూడా ఉంది. మన దేశంలో ముద్రించిన ప్రతుల్లో ఇది “బిష్‌నవజ్ నై చున్ హికాయత్ మీకునద్” అని, అంటే “వేణువు నుంచి విను, అది కథ చెబుతోంది” అని ఉంటుంది. షికాయత్ అన్న మాట రెండో పాదంలోకి వెళుతుంది. రూమీ పోయిన అయిదేళ్లకు, 1278లో రాసిన కొన్యా ప్రతిలో ఉన్నది మాత్రం పైన ఇచ్చిన పాఠం. మొట్టమొదటి పాదంలోనే ఇంత తేడా ఉంటే లోపల ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే ఏ ప్రతి నుంచి తీసుకున్నారో చెప్పి, భాగం సంఖ్యనూ ద్విపద సంఖ్యనూ ఇవ్వడం అలవాటు చేసుకోవాలి. 1925, 1940 మధ్య ఆంగ్ల పండితుడు నికల్సన్ ప్రచురించిన ఎనిమిది సంపుటాల్లో పారసీ మూలం, ఆంగ్లానువాదం, వ్యాఖ్యానం మూడూ ఉన్నాయి. ఉర్దూ వచ్చినవారికి షిబ్లీ నోమానీ రాసిన మౌలానా జీవితచరిత్ర మంచి ప్రవేశం. ఆయన 20వ శతాబ్దం తొలి ఏళ్లలో హైదరాబాద్ నిజాం ప్రభుత్వ విద్యాశాఖలో పనిచేసినవాడు. రూమీ తత్త్వం మీద పరిశోధన చేసిన ఖలీఫా అబ్దుల్ హకీం ఉస్మానియాలో తత్త్వశాస్త్రం బోధించాడు. మన దగ్గర ఈ చదువుకు పాత దారి ఒకటి ఉందన్నమాట.

సూక్తులను నిలదీయడం

“రా, రా, నువ్వెవరివైనా సరే రా” అన్న రుబాయీని రూమీదని నమ్మి నేనే ఒక సభలో చదివాను. తరువాత వెతికితే, అది దీవాన్ పాత ప్రతుల్లో కనిపించదని, అంతకు రెండు శతాబ్దాల ముందువాడైన అబూ సయీద్ అబుల్ ఖైర్ పేరు మీద చెలామణిలో ఉందని తెలిసింది. ఆ తప్పు చేశాక ఒక నియమం పెట్టుకున్నాను: మూలంలో పద్యం ఎక్కడుందో తెలియకపోతే దాన్ని ఉటంకించను.

పద్యం నిజంగా ఆయనదే అయినా అనువాదంలో రంగు మారవచ్చు. తప్పొప్పుల ఆలోచనలకు ఆవల ఒక మైదానం ఉంది, అక్కడ కలుసుకుందాం అని ఆంగ్లం నుంచి అన్ని భాషల్లోకీ పాకిన వాక్యం ఉంది. పారసీ రుబాయీలో ఉన్నవి తప్పు, ఒప్పు అన్న మాటలు కావు. కుఫ్ర్ (అవిశ్వాసం), ఇస్లాం అన్న మాటలు. అక్కడికి చేరిన ఆరిఫ్, అంటే దేవుణ్ణి తెలిసిన జ్ఞాని, తల వంచుతాడని కూడా అందులో ఉంది. కుఫ్ర్ అంటే ఏమిటో, ఇస్లాం అంటే ఏమిటో తూచి చెప్పడం తెలిసిన ధర్మశాస్త్ర పండితుడు ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టడంలోనే ఆ పద్యానికి సాహసం ఉంది. ఆ మాటలు తీసేస్తే సాహసం పోయి మంచిమాట మిగులుతుంది. తెలుగు చేసేవారు ఆంగ్లం మీదుగా వచ్చినా ఒక్కసారి మూలం మాటలను అడిగి తెలుసుకోవాలి.

ఇదే జాగ్రత్త మన పారిభాషిక పదాల విషయంలోనూ అవసరం. ఫనాను, అంటే దేవునిలో తాను లేకుండా పోవడాన్ని, మోక్షమని, సూఫీ సాధకుడైన దర్వేషును సన్యాసి అని అనువదిస్తే వాక్యం సాఫీగా సాగుతుంది కాని అర్థం పక్కదారి పడుతుంది. రూమీకి భార్య, పిల్లలు, ఇల్లు, పాఠశాల అన్నీ ఉన్నాయి. ఫనా, నఫ్స్ (అహం), ఇష్క్ (ప్రేమ), సమా (సంగీతం వింటూ పరవశించే సాధన) వంటి మాటలను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట రెండు వాక్యాల్లో వివరించడం మేలు. పేర్లలోనూ ఒక పద్ధతి పాటించాలి. అఫ్గాన్లు ఆయనను బల్ఖీ అంటారు, టర్కీవారు మెవ్లానా అంటారు, మన హైదరాబాదులో ఉర్దూవారు మౌలానా రూమ్ అంటారు. రూమ్ అంటే ఒకప్పటి తూర్పు రోమన్ సామ్రాజ్యపు నేల అయిన అనతోలియా. ఏదో ఒక రూపాన్ని ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

తెల్లని అంగీలతో వరుసలో తిరిగే నేటి సమా క్రమాన్ని 1240ల నాటి కొన్యాలోకి తెచ్చిపెట్టకూడదు. రూమీ సంగీతం విని పరవశించి తిరిగేవాడన్నది పాత ఆధారాల్లోనే ఉంది. దానికి నియమబద్ధమైన రూపం తరువాతి తరాల్లో, ఆయన పేరు మీద నడిచిన సూఫీ మార్గమైన మౌలవీ సంప్రదాయం స్థిరపడుతూ ఏర్పడింది. 1925లో టర్కీ ప్రభుత్వం సూఫీ మఠాలను మూయించింది, కొన్యాలో పచ్చని గుమ్మటం కింద ఉన్న రూమీ సమాధి మందిరం కొద్దికాలానికే మ్యూజియం అయింది. ఆయన కన్నుమూసిన డిసెంబరు 17ను షబె అరూస్, అంటే పెళ్లిరాత్రి, అని పిలుస్తారు.

చివరి అధ్యాయంలో అంత్యక్రియలను రాసేటప్పుడు సుల్తాన్ వలద్‌నే పట్టుకోండి, ఆయన ఆ రోజు అక్కడ ఉన్నవాడు. ఊరంతా కదిలి వచ్చిందని, క్రైస్తవుడు ఆయనను మా ఈసా (యేసు) అన్నాడని, యూదుడు మా మూసా (మోషే) అన్నాడని ఇబ్తిదా నామాలో ఉంది. ఈ రెండు పాదాలనూ అందరూ ఉటంకిస్తారు. ఆ వెంటనే మూడో పాదం ఉంది: విశ్వాసి ఆయనను దైవప్రవక్త రహస్యమని, వెలుగని పిలిచాడు. మీ పుస్తకంలో మూడు పాదాలూ ఉండాలి, ఆయన కొడుకు రాసిన వరుసలోనే ఉండాలి.